కిన్నెరసాని నీళ్లు, అడవి: ఖర్చు ఎవరిది, లాభం ఎవరిది?

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పాల్వంచ దగ్గర కిన్నెరసాని జలాశయం చుట్టూ ఉన్న 635 చదరపు కిలోమీటర్ల అడవి 1977 నుంచి అభయారణ్యం. జలాశయం నీళ్లు థర్మల్ విద్యుత్ కేంద్రానికి పోతాయి. ఆ నీళ్లలోనే మొసళ్లున్నాయి, చేపలున్నాయి. ఒడ్డున దుప్పులు తిరుగుతాయి, అంచుల్లో కోయ గూడేలున్నాయి. వన్యప్రాణి సంరక్షణకు, చేపల వేటకు సంబంధించిన ఆర్థిక చిక్కులన్నీ ఈ ఒక్క చోట కనిపిస్తాయి.

చేపలతో మొదలుపెడదాం. కెనడా ఆర్థికవేత్త స్కాట్ గోర్డన్ 1954లో రాసిన వ్యాసం చేపల వేట అర్థశాస్త్రానికి పునాది. ఎవరైనా వచ్చి వల వేసుకోగలిగిన నీళ్లలో లాభం కనిపిస్తే కొత్తవాళ్లు దిగుతూనే ఉంటారు. ఖర్చులు పోగా ఎవరికీ ఏమీ మిగలని స్థితి వచ్చాకే ఆ రాక ఆగుతుంది. అప్పటికి చేపా తగ్గిపోతుంది, వేటగాడి చేతిలో డబ్బూ ఉండదు. ఇక్కడ దురాశ అనే మాటతో పని లేదు. ఒకడు చిన్న చేపను వదిలేస్తే పక్కవాడి వలలో పడుతుందని తెలిసినప్పుడు ఎవరూ వదలరు.

ఆ చిన్న చేపను పట్టడంలో నష్టమెంత? పావుకిలో బొచ్చెకు కిలో 60 రూపాయల ధర పలికిందనుకుందాం. చేతికి వచ్చేది 15 రూపాయలు. అదే చేప కిలో బరువు పెరిగాక 120 రూపాయల ధర వస్తే, దాని విలువ ఎనిమిది రెట్లు. మధ్యలో సగం చేపలు చచ్చినా నాలుగు రెట్లు మిగులుతుంది. ఆ ఎదుగుదలకు అయ్యే ఖర్చు ఆగడమే, ఎందుకంటే మేత జలాశయమే పెడుతుంది. కానీ ఆగడం అందరికీ చేతకాదు. వలకు, తెప్పకు దళారి దగ్గర ముందే డబ్బు తెచ్చుకున్నవాడు దొరికిన చేపను దొరికినట్టే, దళారి చెప్పిన ధరకే తూకం వేయాలి. సన్నకన్ను అలివి వలను నిషేధించి ఊరుకుంటే ఈ అప్పు తీరదు. అందుకే నిషేధం ఉన్న చోట కూడా ఆ వల రాత్రిపూట నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది.

చేపలన్నీ ఒక తీరువి కావు. బొచ్చె, రవ్వ, మృగాల నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద కావాలి. కాబట్టి పాలేరు, వైరా వంటి జలాశయాల్లో ఏటా పిల్లలను వదలాల్సిందే. తెలంగాణ ప్రభుత్వం 2016-17లో వాటిని ఉచితంగా వదిలే పథకం మొదలుపెట్టింది. ఇది పెట్టుబడి లాంటిది: ఎన్ని వదిలారు, ఏ సైజువి వదిలారు, ఎన్ని నెలలు ఆగి పట్టారు అన్నదాన్ని బట్టే రాబడి. రాష్ట్ర చేప కొరమీను సంగతి వేరు. అది తనంతట తానే గుడ్లు పెట్టి, నీటి పైపైన ఎర్రగా కదిలే పిల్లల గుంపుకు కాపలా కాస్తుంది. ఆ సమయంలో పెద్ద చేప పక్కనే ఉంటుందని వేటగాళ్లందరికీ తెలుసు. అప్పుడు దాన్ని పడితే కాపలా లేని పిల్లలు ఇతర చేపలకు మేతవుతాయి. ఒక్క చేప ధరకు ఒక తరమంతా పోతుంది.

దీనికి విరుగుడు హక్కు. మత్స్య సహకార సంఘానికి ఫలానా నీళ్లు మీవే అని రాసిచ్చి, బయటివాళ్లను ఆపే అధికారం కూడా ఇస్తే, రేపటి చేప తమదేనన్న భరోసాతో సభ్యులు ఇవాళ ఆగగలరు. ఉమ్మడి వనరులను ఊళ్లే నియమాలు పెట్టుకుని తరాలపాటు కాపాడుకున్న ఉదాహరణలను ఎలినార్ ఆస్ట్రమ్ పలు దేశాల నుంచి సేకరించారు. 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమే. 2006 అటవీ హక్కుల చట్టం నీటి వనరుల్లోని చేపలపై సామూహిక హక్కునూ, అడవిని కాపాడుకునే హక్కునూ అడవి బిడ్డలకు ఇచ్చింది. అభయారణ్యం లోపల ఈ హక్కునూ 1972 వన్యప్రాణి చట్టం ఆంక్షలనూ పొసగించడమే అసలు కష్టం.

అడవిలోనూ తర్కం ఇదే. ఎండాకాలం తునికాకు ఇక్కడి గూడేలకు చేతికందే రొక్కం. యాభై ఆకుల కట్టలు కట్టి కల్లానికి చేరుస్తారు. లేత ఆకు రావాలంటే ముందుగా కొమ్మ కొట్టాలి, దానికి కూలి కావాలి. నిప్పు పెట్టినా చిగురు వస్తుంది, పైసా ఖర్చు లేదు. ఒక్క సీజన్‌కు ఆకు కొనుక్కున్నవారికి కాలిపోయిన టేకు మొలక గురించి బెంగ ఉండదు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద పెట్టే మంటదీ ఇదే కథ. ఖర్చులు పోగా మిగిలిన ఆదాయాన్ని ఆకు ఏరినవారికి బోనస్‌గా పంచే పద్ధతి వచ్చే ఏడాది ఆకు మీద కొంత ఆశ నిలబెడుతుంది. ఆ డబ్బు ఏళ్ల తరబడి అందకపోతే ఆశా ఉండదు.

జంతువుల లెక్క మరింత వంకర. పులి తిరిగే అడవి ఉండాలని హైదరాబాద్‌లో కూర్చున్నవారూ కోరుకుంటారు. ఆ అడవి వల్ల వాగు నిండుగా పారితే దిగువ ఆయకట్టుకు లాభం. కానీ మొక్కజొన్న చేలో అడవి పంది దిగిన రాత్రి నష్టం మాత్రం అంచున ఉన్న రైతుదే. పరిహారానికి దరఖాస్తు, పంచనామా, తిరుగుడు: ఎకరం చేను పోయినవాడికి ఇది భారమే. అందుకే కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతారు. దానికి పంది, దుప్పి, ఒక్కోసారి మనిషీ బలవుతారు. పరిహారం త్వరగా చేతికందితే తీగకు అయ్యే ఖర్చు కూడా దండగే అనిపిస్తుంది.

అడవికి ధర కట్టిన సందర్భమూ ఉంది. గనులకు, ప్రాజెక్టులకు అడవి ఇచ్చేటప్పుడు నికర వర్తమాన విలువ, అంటే ఆ అడవి మున్ముందు ఇవ్వగల ప్రయోజనాలకు నేటి లెక్కలో ధర, వసూలు చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2008లో ఆ ధరను హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయలుగా, అభయారణ్యమైతే దానికి అయిదు రెట్లుగా, జాతీయ ఉద్యానమైతే పది రెట్లుగా నిర్ణయించింది. ఆ సొమ్ము 2016 చట్టం కింద పరిహార అటవీకరణ నిధికి చేరి, అక్కడి నుంచి అటవీ శాఖల పనులకు వెళ్తుంది. కోల్పోయిన అడవిలో ఆకు ఏరి, వాగులో చేప పట్టి బతికిన ఇంటికి మాత్రం ఆ లెక్కలో నేరుగా వాటా లేదు.