ప్రసార ప్రకటనల నియంత్రణము: స్వయంనియంత్రణ సంఘములకు అప్పగింత

వర్తకుడు తన సరకును తానే పొగడుకొనుట లోకసహజము. సంతలో ఆ పొగడ్త విన్నవాడు సరకును చేతబట్టి చూచి, నచ్చనిచో విడిచిపోగలడు. రేడియో, టెలివిజను ప్రకటన అట్టిది కాదు. అది పిలువకయే యింటిలోనికి వచ్చును. పసిపిల్లలును దానిని విందురు. కావుననే ప్రసార ప్రకటనలపై ప్రభుత్వములు తొలినుండియు గట్టి కాపు నుంచినవి. ఆ కాపును ప్రకటనల రంగమువారు నెలకొల్పిన సంఘమునకే అప్పగించుట తగునా యన్నది ఇచ్చట విచార్యము.

ఇంగ్లండులో 1954 నాటి టెలివిజను చట్టము ననుసరించి 1955 సెప్టెంబరు 22న తొలి టెలివిజను ప్రకటన వెలువడెను. అది యొక టూత్‌పేస్టును గూర్చినది. ఆ ప్రకటనలపై అధికారము చట్టసంస్థలదే. అచ్చు ప్రకటనలకు మాత్రము 1962లో ఆ రంగమువారే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ అథారిటీని నెలకొల్పుకొనిరి. ఈ రెండు దారులును నలువది యేండ్లు వేరువేరుగా సాగినవి. 2003 నాటి కమ్యూనికేషన్సు చట్టము వచ్చిన పిమ్మట, ఆఫ్‌కామ్ అను నియంత్రణ సంస్థ 2004 నవంబరు 1 నుండి ప్రసార ప్రకటనలపై ఫిర్యాదుల విచారణను ఆ అథారిటీకే ఒప్పందముపై అప్పగించెను. ఒప్పందమునకు పదియేండ్ల గడువు గలదు. 2014లో అది కొనసాగింపబడెను.

దొంగచేతికి తాళములిచ్చినట్లున్నదని కొందరికి తోచవచ్చును. కాని తాళముల గుత్తి యంతయు చేతులు మారలేదు. రాజకీయ ప్రకటనల నిషేధమును, గంటకెన్ని నిమిషములు ప్రకటనలుండవచ్చునను లెక్కను ఆఫ్‌కామ్ తనచేతనే యుంచుకొనెను. నియమావళిని మార్చవలెనన్న దాని యామోదము వలయును. తీర్పును లక్ష్యపెట్టని ప్రసారకర్తను అథారిటీ ఆఫ్‌కామ్ యెదుటికి పంపవచ్చును. అది జరిమానా విధింపగలదు, తుదకు లైసెన్సును రద్దుచేయగలదు. ఇక ధనము: ప్రకటనల వ్యయములో వేయింటికి ఒకటి చొప్పున వసూలగును. వసూలు చేయునది వేరొక సంస్థ గనుక, ఎవరెంత యిచ్చిరో విచారించువారికి తెలియదు. ఈ యొక్క యేర్పాటు పది నీతివాక్యములకంటె మేలైనది. మండలి సభ్యులలో మూడింట రెండు వంతులు ఆ వృత్తితో సంబంధము లేనివారు. విచారణకు ఒక్క ప్రేక్షకుని ఫిర్యాదు చాలును.

మనదేశమున కథ వేరుగా నడచినది. 1985లో బొంబాయిలో అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏర్పడెను. మొదట దాని మాటకు సభ్యుల మర్యాదయే బలము. 2006లో కేబుల్ టెలివిజను నిబంధనలలోని 7వ నిబంధనను సవరించి, ఆ కౌన్సిలు ఎప్పటికప్పుడు స్వీకరించు నియమావళిని మీరిన ప్రకటనను కేబుల్ సేవలో ప్రసారము చేయరాదనిరి. అనగా ఇంగ్లండులో పని యప్పగింపబడినది. ఇచ్చట నియమావళియే నిబంధనలోనికి చేర్చబడినది. కౌన్సిలు తన నియమమును మార్చుకొన్నచో, ప్రభుత్వము కలము పట్టకయే నిబంధన యర్థము మారును. ఒప్పందము లేదు, గడువును లేదు. ఇది చిన్న భేదము కాదు.

ప్రభుత్వము పూర్తిగా తప్పుకొనలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి 2020లో కేంద్ర ప్రాధికార సంస్థ ఏర్పడెను. అది మోసపు ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా విధింపగలదు. 2024 మే 7న సుప్రీంకోర్టు, ప్రకటన వెలువడుటకు ముందే ప్రకటనకర్త స్వీయధ్రువీకరణ పత్రమును సమర్పింపవలెనని యాదేశించెను. స్వయంనియంత్రణ యొక్కటియే చాలదని న్యాయస్థానమునకు తోచినట్లేగదా!

స్వయంనియంత్రణకు ఫిర్యాదే ఊపిరి. హోసూరు, బళ్లారి, బరంపురము, యానాము మొదలగు చోట్ల తెలుగువారు తెలుగు ఛానళ్లను చూచుచున్నారు. పరభాషలో తయారైన ప్రకటన తెనుగైనప్పుడు షరతు మాటలు జారిపోవుట కలదు: “ఉపశమనమునకు తోడ్పడవచ్చును” అన్నది “నయమగును” అని వినవచ్చును, షరతు మాత్రము తెర యడుగున ఇంగ్లీషు చిన్నక్షరములలో మిగులును. ప్రకటన మాట యే భాషలో నున్నదో షరతును ఆ భాషలోనే యుండవలెనని కేంద్ర ప్రాధికార సంస్థవారి 2022 మార్గదర్శకములు విధించుచున్నవి. కావున ఫిర్యాదు వ్రాయువారు ఛానలు పేరు, తేదీ, వేళలతోపాటు, విన్న తెలుగు మాటలను ఉన్నవి యున్నట్లు తెలుగు లిపిలోనే పొందుపరుపవలయును. భావమును మాత్రమే ఇంగ్లీషులో పంపినచో, జారిపోయిన మాట యేదో విచారించువారికి పట్టుబడదు.