నిర్హేతుక నిగమనము – వ్యవహార నిర్ణయమున దాని దోషము

“ప్రతివాది మోసముచేత దస్తావేజు వ్రాయించుకొనెను”, “ఇతడు నేరము చేసినట్లు స్పష్టము” అను వాక్యములు వ్యవహారపత్రములలో తరచుగా కానవచ్చును. ఇవి చూచుటకు వృత్తాంతకథనములవలె నుండును గాని నిజమునకు నిర్ణయములు. ఏ యాధారమువలన ఆ నిర్ణయము కలిగెనో వాక్యమున ఉండదు. ఇట్టివానిని నిర్హేతుక నిగమనములనవచ్చును. న్యాయ, ధర్మశాస్త్రములు ఈ దోషము నెట్లు గుర్తించినవో వివరించుట ఈ వ్యాసోద్దేశము.

గౌతముని న్యాయసూత్రములు ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అని వాక్యమునకు ఐదవయవములను చెప్పినవి. పర్వతమున అగ్ని కలదనుట ప్రతిజ్ఞ. కావున అగ్ని కలదనుట నిగమనము. శబ్దరూపమున రెండును ఇంచుమించు ఒక్కటియే. కాని ప్రతిజ్ఞ సాధింపవలసినదానిని నిర్దేశించును. నిగమనము సిద్ధించినదానిని ఉపసంహరించును. ఈ భేదమును కలిగించునవి నడుమనున్న మూడవయవములే. వానిని తొలగించినచో నిగమనము మరల ప్రతిజ్ఞయే యగును. దాని నెన్నిమారులు పలికినను ప్రామాణ్యము రాదు.

హేతువును చెప్పినంతమాత్రమున దోషము తొలగిపోదు. ఆ హేతువే సాధ్యమువలె అసిద్ధమైనచో దానిని సాధ్యసమమందురు. దస్తావేజు చెల్లదనుటకు మోసమును హేతువుగా చెప్పినచో, ఆ మోసమే సాధింపవలసియున్నది. ఎవడు, ఎప్పుడు, ఏమి చెప్పి నమ్మించెనో తెలుపని మోసశబ్దము హేతువు కాజాలదు.

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారమునకు నాలుగు పాదములను చెప్పినది: భాష, ఉత్తరము, క్రియ, సాధ్యసిద్ధి. అర్థి తన పక్షమును చెప్పుట భాష, ప్రత్యర్థి బదులు చెప్పుట ఉత్తరము, ప్రమాణమును చూపుట క్రియ, ఫలము సాధ్యసిద్ధి. లిఖితము, భుక్తి, సాక్షులు మానుష ప్రమాణములు. ఇచ్చట ఒక సూక్ష్మాంశము గమనింపదగినది. భాషాపాదమున అర్థి మాట ప్రతిజ్ఞామాత్రమే యగుట దోషము కాదు. దాని స్థానమే యది. క్రియాపాదమును దాటి ఆ మాటయే నాల్గవ పాదమున నిర్ణయరూపమున నిలుచుట దోషము.

క్రియాభార మెవనిదను విచారమును ఉత్తరభేదమును బట్టి చేయబడినది. “నేను అప్పు తీసికొనలేదు” అనుట మిథ్యోత్తరము. అప్పుడు భారము అర్థిది. “తీసికొంటిని గాని తీర్చితిని” అనుట కారణోత్తరము. అప్పుడు భారము ప్రత్యర్థిది. “ఈ వివాదమున పూర్వమే జయించితిని” అనుట ప్రాఙ్న్యాయము; అప్పుడును అతడే చూపవలెను. అంగీకరించినచో క్రియతో పనిలేదు.

క్రీ.శ. పదకొండు, పన్నెండవ శతాబ్దుల సంధికాలమున విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర యందలి ఒక విచారణ మిక్కిలి విలువైనది. చోటు మారుచుండుట, పెదవులు నాకుట, నుదుట చెమట పట్టుట, మాట తడబడుట మొదలగునవి దుష్టుని లక్షణములని స్మృతి చెప్పినది. వీనివలన దోషసంభావన మాత్రమే కలుగును గాని నిశ్చయము కలుగదని వ్యాఖ్యాత స్పష్టపరచెను. ఆ వికారము స్వాభావికమో, నిమిత్తజన్యమో వివేచించుట దుష్కరమని అందులకు కారణము. సభను చూచి బెదరిన నిర్దోషికిని చెమట పట్టును. మితాక్షర ననుసరించి తిక్కన సమకాలికుడైన కేతన తెలుగున విజ్ఞానేశ్వరీయమును రచించెను గనుక, ఈ విషయమున ఆంధ్రులకు చిరపరిచయము కలదు.

సంభావనను నిశ్చయముగా గ్రహించుటవలన కలుగు అనర్థమునకు స్మృతికారులు చూపిన దృష్టాంతము మాండవ్యుడు. భారతము ఆదిపర్వమున ఆ కథ కలదు. దొంగలు మౌనవ్రతుడైన ముని యాశ్రమమున దాగిరి. సొమ్మును అచ్చటనే దాచిరి. రాజభటులు ప్రశ్నింపగా ముని పలుకలేదు. సొమ్ము దొరకినది, ముని మౌనముగా నున్నాడు, కావున దొంగయని రాజు శూలారోపణము చేయించెను. ఇచ్చట హేతువులు లేకపోలేదు, కాని రెండును సవ్యభిచారములు. దొంగ కానివాని యింటను సొమ్ము దాచబడవచ్చును. వ్రతమువలనను మౌనము సంభవించును. పిదప రాజు క్షమాపణ కోరెను. అయినను శూలమును పెకలింపజాలక మొదట నరికించెను. మిగిలిన భాగము దేహముననే నిలిచి, ఆయనకు అణిమాండవ్యుడను పేరు కలిగెను. తప్పు నిర్ణయమును ఉపసంహరించుకొన్నను దాని గాయము ఉపసంహృతము కాదు.

నేటి శాసనములందును ఈ న్యాయమే కానవచ్చును. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు ఆరవ ఆర్డరు నాల్గవ నియమము మోసము, అనుచిత ప్రాబల్యము మొదలగువానిని ఆరోపించువారు వివరములను తెలుపవలెనని శాసించినది. ఇరువదవ ఆర్డరు నాల్గవ నియమము సామాన్య సివిలు కోర్టుల తీర్పులలో కారణము లుండవలెనని విధించినది. 1872 నాటి సాక్ష్యచట్టమునకు బదులుగా 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 104వ సెక్షనున, తాను చెప్పు విషయముల ఉనికిపై ఆధారపడిన హక్కునుగాని బాధ్యతనుగాని నిర్ణయింపుమని కోరువాడే ఆ విషయములను రుజువు చేయవలెనని కలదు. 45వ సెక్షను ననుసరించి ఒకని యభిప్రాయము ప్రసక్తమైనచో, ఆ యభిప్రాయమునకు మూలమైన ఆధారములును ప్రసక్తములే. నిపుణుడు “ఇది కృత్రిమమైన చేవ్రాలు” అనుట ప్రతిజ్ఞ. అక్షరముల రూపభేదమును చూపుట హేతువు.

కావున ఏ వ్యవహారవాక్యమును పరీక్షించునప్పుడైనను “కావున” అను పదమునకు ముందేమున్నదని చూడవలెను. అచ్చట ఏమియు లేనిచో, ఆ వాక్యము ఎవరి నోటినుండి వెలువడినను నాల్గవ పాదము కాదు. ఇంకను మొదటి పాదమే.