ఫైల్లో జరగమంటే ప్రాసెస్‌ని చంపితే?

రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ కోసం కంపైల్ చేసిన లినక్స్ ప్రోగ్రాము ఒకటి నడుస్తోంది. తాను తెరిచిన 3వ నంబరు ఫైల్లో 9వ బైటు దగ్గరికి జరపమని అది కెర్నెల్‌ని అడిగింది. ఆ కోరిక నంబరు 62. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా 64 బిట్ల ఇంటెల్ లినక్స్‌కి అందించామనుకోండి. అక్కడ 62 అంటే ‘కిల్’, 9 అంటే చంపేసే సిగ్నల్. ఫైల్లో జరగాలన్న కోరిక కాస్తా ‘3వ నంబరు ప్రాసెస్‌ని చంపెయ్’ అయి కూర్చుంటుంది. అనుమతి లేదని కెర్నెల్ తిప్పికొడితే బతికిపోయినట్టే.

ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో విడుదల చేసిన క్యూఎము ఎమ్యులేటర్‌కి రెండు పద్ధతులున్నాయి. ఒకదాంట్లో మొత్తం కంప్యూటర్‌నే అనుకరిస్తుంది. రెండోది యూజర్ మోడ్. ఇందులో పరాయి ప్రాసెసర్ కోసం తయారైన ఒక్క ప్రోగ్రామునే నడిపిస్తుంది, దాని కోసం వేరే కెర్నెల్ ఉండదు. కూడికలు, తీసివేతలు, పోలికల వంటి ఆదేశాలను మన ప్రాసెసర్ భాషలోకి మార్చేస్తే చాలు. కానీ ఫైలు తెరవాలన్నా, మెమరీ కావాలన్నా ప్రోగ్రాము కెర్నెల్‌కి అర్జీ పెట్టుకోవాల్సిందే. ఆ అర్జీయే సిస్టమ్ కాల్. ఎమ్యులేటర్ దాన్ని మధ్యలో పట్టుకుని, తిరగరాసి, మన కెర్నెల్ ముందు పెడుతుంది.

నంబర్లు మార్చడం తేలిక, పట్టిక ఉంటే చాలు. చిక్కంతా అర్జీ లోపలి వివరాల్లో ఉంటుంది. ‘ఇది డైరెక్టరీ అయితేనే తెరువు’ అని చెప్పడానికి ఆర్మ్ లినక్స్ వాడేది 14వ బిట్టు. ఇంటెల్‌లో అదే బిట్టుకి అర్థం ‘క్యాష్ వదిలేసి నేరుగా డిస్క్‌తో మాట్లాడు’ అని. ఆ అర్థానికి ఆర్మ్‌లో 16వ బిట్టు ఉంది, అది ఇంటెల్‌లో డైరెక్టరీ బిట్టు. ఈ రెండూ సరిగ్గా తారుమారు! ఒకే కెర్నెల్, ఒకే సోర్స్ కోడ్, అయినా ఇలా ఉంది. చరిత్ర మిగిల్చిన ఇలాంటి గందరగోళం లినక్స్‌లో ఇంకా చాలా ఉంది.

కొత్త సిస్టమ్ కాల్‌ని ఎమ్యులేటర్‌లో చేర్చాలంటే ఏం చేయాలో ‘ఓపెన్‌యాట్2’తో చూద్దాం. 2020లో లినక్స్ 5.6తో వచ్చిన ఈ కాల్ నంబరు 437, దాదాపు అన్ని ప్రాసెసర్ల మీదా అదే. ఇందులో వివరాలన్నీ రిజిస్టర్లలో రావు. కొన్ని 24 బైట్ల మెమరీ ముక్కలో ఉంటాయి: ఫ్లాగ్‌లు, అనుమతులు, దారి విషయంలో షరతులు. ప్రోగ్రాము ఇచ్చిన చిరునామా సరైనదేనా అని ఎమ్యులేటర్ ముందు చూసుకోవాలి. తర్వాత ఆ ముక్కను కాపీ చేసుకోవాలి. బైట్లను ఎదురు వరసలో దాచే ఎస్390 వంటి ప్రాసెసర్ ప్రోగ్రాము అయితే ఆ వరస తిరగెయ్యాలి. ఆ పైన ఫ్లాగ్‌ల బిట్లు మార్చాలి. ముక్క పొడవును కూడా ప్రోగ్రామే చెబుతుంది, ఎందుకంటే రేపు కెర్నెల్ దీన్ని పెంచవచ్చు. 24 కంటే పొడుగ్గా వస్తే అదనపు బైట్లన్నీ సున్నాలేనా అని చూసి, కాకపోతే తిరస్కరించాలి.

ఇక్కడ అడ్డదారి ఊరిస్తుంది. పాత ‘ఓపెన్‌యాట్’ ఉండనే ఉంది, షరతులు వదిలేసి దాన్నే పిలిస్తే ఫైలు తెరుచుకుంటుంది, ప్రోగ్రాము నడుస్తుంది. కానీ ఆ షరతుల్లో ‘ఈ డైరెక్టరీ దాటి బయటికి పోకు’ అన్నదీ ఒకటి. అపరిచితులు పంపిన జిప్ ఫైలు విప్పే ప్రోగ్రాము దాని మీదే భరోసా పెట్టుకుని ఉండవచ్చు. దాన్ని మింగేసి ‘సరే’ అనడం కంటే ‘ఈ కాల్ నాకు తెలియదు’ అనడం వెయ్యి రెట్లు నయం. బాగా రాసిన ప్రోగ్రాములు ఆ జవాబు చూసి పాత పద్ధతికి మళ్లుతాయి. తెలియదని చెప్పడంలోనూ తిరకాసుంది: ఆ ఎర్రర్ నంబరు ఇంటెల్‌లో 38, మిప్స్‌లో 89. వెనక్కి వెళ్లే జవాబునూ తర్జుమా చేయాల్సిందే.

అప్పుడప్పుడు ఎమ్యులేటర్ కావాలనే అబద్ధమాడాలి. ‘నేను ఏ ఫైలు నుంచి నడుస్తున్నాను?’ అని ప్రోగ్రాము ‘/ప్రోక్/సెల్ఫ్/ఎగ్జీ’లో చూసుకుంటే, కెర్నెల్ నిజం చెబుతుంది: క్యూఎము అని. ఆ నిజం ప్రోగ్రాముకి పనికిరాదు, కాబట్టి దాని సొంత ఫైలు పేరే ఇవ్వాలి. కొత్తగా చేర్చిన ‘ఓపెన్‌యాట్2’ కూడా ఈ నాటకంలో పాత్ర వేయాలి. మర్చిపోతే ఒక తలుపులో అబద్ధం, ఇంకో తలుపులో నిజం దొరుకుతుంది.

అందుకే పరీక్షించేటప్పుడు ఫైలు తెరుచుకుందని సంతోషపడితే చాలదు. చెడ్డ చిరునామా, పొట్టి ముక్క, చివర సున్నా కాని బైటు, హద్దు దాటే దారి ఇచ్చి చూడాలి. నిజమైన ఆర్మ్ యంత్రం ఏ ఎర్రర్‌తో కాదంటుందో, ఎమ్యులేటర్ కూడా అదే ఎర్రర్‌తో కాదనాలి.