కిలో పసుపుకు పది పొట్లాలు, కంప్యూటర్ లెక్కలో మాత్రం తొమ్మిదే!

పసుపు మార్కెట్‌కు పేరున్న మెట్‌పల్లిలో కిలో పసుపును వంద గ్రాముల పొట్లాలు కడితే ఎన్ని వస్తాయని బడి పిల్లాడిని అడిగినా పది అంటాడు. మిగిలేదేమీ ఉండదు. ఇదే లెక్కను కిలోల్లో పైథాన్‌కు ఇచ్చి 1 % 0.1 అని రాస్తే శేషం 0.09999999999999995 అని వస్తుంది. ఎన్ని పొట్లాలని 1 // 0.1 తో అడిగితే తొమ్మిదే అంటుంది! కొత్తగా కోడింగ్ నేర్చుకునే పిల్లలు తామే తప్పు రాశామని బెంగపడతారు. తప్పు వాళ్లది కాదు, % గుర్తుదీ కాదు.

మూడో వంతును దశాంశంలో రాయబోతే 0.333 అంటూ ఎక్కడో ఒకచోట ఆపాల్సిందే కదా. సున్నా, ఒకటి మాత్రమే తెలిసిన కంప్యూటర్‌కు 0.1 కూడా అలా తెగని సంఖ్యే. అందుకని దానికి దగ్గరి సంఖ్యను దాచుకుంటుంది. అది అసలు 0.1 కన్నా ఇసుమంత ఎక్కువ. అలాంటివి పది కలిస్తే 1 దాటిపోతుంది. కాబట్టి తొమ్మిదే పట్టాయి, పదోది దాదాపు మొత్తం శేషంగా, ఉర్దూలో చెప్పాలంటే బాఖీగా మిగిలిపోయింది.

ఇంత చిన్న తేడాతో ఏమవుతుందిలే అనుకోవద్దు. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని దహ్రాన్‌లో ఇరాక్ స్కడ్ క్షిపణి పడి 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. అక్కడి లెక్క శేషానిది కాదు గానీ, చిక్కు ఈ 0.1 దే. క్షిపణిని ఆపాల్సిన పేట్రియాట్ వ్యవస్థ కాలాన్ని సెకనులో పదో వంతులుగా లెక్కపెట్టేది. ఆ 0.1 ను 24 బిట్లకు కత్తిరించారు. ఆపకుండా దాదాపు 100 గంటలు నడిచేసరికి లెక్క 0.34 సెకను తప్పింది. అంతలో స్కడ్ అర కిలోమీటరుకు పైగా వెళ్లిపోతుంది.

దారి సులువే. కిలోలు వదిలి గ్రాముల్లో లెక్కవేస్తే 1000 % 100 కు శేషం 0. రూపాయలను పైసల్లోకి, 11.664 గ్రాముల తులాన్ని 11664 మిల్లీగ్రాముల్లోకి మార్చుకోవాలి. గల్ఫ్ డబ్బుల హిసాబ్ రాసేవాళ్లు మాత్రం జాగ్రత్త. కువైట్ దినార్‌కు 1000 ఫిల్స్, ఒమాన్ రియాల్‌కు 1000 బైసాలు. రూపాయి అలవాటుతో 100తో గుణిస్తే దశాంశం మళ్లీ మిగులుతుంది.

దశాంశాలే కావాలంటే పైథాన్‌లో డెసిమల్ ఉంది. దానికి '0.1' ను కోట్స్ మధ్యలోనే ఇవ్వాలి. కోట్స్ లేకుండా ఇస్తే పాత తేడా కూడా వెంటే వస్తుంది.