ఆదాయమునకు సాక్ష్యము

నెల్లూరు తీరమున బోగోలు మండలములో రెండు విధముల సంసారములు ఇరుగుపొరుగుగా ఉన్నవి. బిట్రగుంట రైల్వే ఉద్యోగిని ఆదాయమెంతయని అడిగిన, జీతపు చీటిని చూపును. జువ్వలదిన్నె మత్స్యకారుని అదే మాట అడిగిన, "ఏ నెలది?" అని తిరిగి ప్రశ్నించును. రెండును సత్యమైన సమాధానములే. కాని పేదలకు ఉద్దేశించిన ఇల్లు ఎవరికి చెందవలెనో నిర్ణయించు అధికారికి మొదటిది సులభము, రెండవది కఠినము. ఆ కాఠిన్యమును గూర్చియే నేటి ప్రసంగము.

ప్రభుత్వ ధనముతో చౌకగా లభించు ఇల్లు అర్హునికే చేరవలెనన్న, ఆదాయమును కొలువక తప్పదు. అమెరికా దేశమున 1986 నాటి పన్నుల చట్టము ఇందుకొక పద్ధతిని ఏర్పరచినది. తక్కువ అద్దె ఇండ్లు నిర్మించువారికి అచట పన్ను రాయితీ లభించును. దానికి ప్రతిగా, ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయములో సాధారణముగా 50 లేక 60 శాతమునకు మించని కుటుంబములకే ఆ ఇండ్లను అద్దెకీయవలెను. కాపురమునకు వచ్చుటకు ముందే వయోజనులందరి ఆదాయమును జీతపు చీటీలతోను, యజమాని ఇచ్చు పత్రములతోను సరిచూచి, రానున్న పండ్రెండు నెలలకు లెక్కకట్టి, సంతకములు తీసికొందురు. ఇందులో గమనింపదగిన న్యాయమొకటి కలదు. తరువాత ఆదాయము పెరిగినంత మాత్రమున అద్దెదారుని వెడలగొట్టరు. అది పరిమితికి 140 శాతము దాటినచో, అంతటి వైశాల్యముగల ఇల్లు ఆ భవనమున తరువాత ఖాళీ అయినపుడు దానిని అర్హమైన కుటుంబమునకు ఇత్తురు. కష్టపడి నాలుగు రూకలు వెనుకవేసికొన్నవానికి శిక్ష లేదన్నమాట.

మన దేశమున 2015లో ఆరంభమైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన, సాలీనా 3 లక్షల రూపాయల లోపు ఆదాయముగల కుటుంబములను ఆర్థికముగా బలహీన వర్గముగా పరిగణించినది. 2020లో వలస కార్మికులకై చౌక అద్దె ఇండ్ల పథకము వచ్చినది. 2024 నాటి రెండవ దశలోను అద్దె ఇండ్లకు స్థానము కల్పించిరి. గ్రామములకు వేరు పథకము కలదు. 2016 నాటి దాని నిబంధనల ప్రకారము మోటారు పడవ ఉన్న ఇంటికి అర్హత లేదు. ఇంటిలో ఒక్కరు నెలకు 10,000 రూపాయలకు మించి ఆర్జించినను లేదు. పడవ జీవనాధారమే గాని సంపదకు గురుతు కాదని తీరవాసులు ఎరుగుదురు. 2024లో ఆ పడవ నిబంధనను తొలగించి, ఆదాయ పరిమితిని 15,000కు పెంచిరి.

అయినను లెక్క చిక్కు తీరలేదు. తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవల వేట నిషిద్ధము. పడవపై పాలు పొందు కూలి ఒకడు నాలుగు నెలలు 16,000 చొప్పున, ఆరు నెలలు 8,000 చొప్పున ఆర్జించి, రెండు నెలలు ఊరకుండెననుకొందము. మొత్తము 1,12,000, నెలకు సగటు 9,333 రూపాయలు. విచారణ మంచి నెలలో జరిగి ఆ నెల రాబడినే వ్రాసికొనిన, అతడు అనర్హుడగును. సంవత్సరమంతయు చూచిన, అర్హుడు. మనిషి ఒక్కడే, పేదరికము ఒక్కటే. మారినది కొలబద్ద మాత్రమే.

కావున తహశీల్దారు కార్యాలయమునుండి ఆదాయ ధ్రువీకరణ పత్రము కోరువారు, విచారణకు వచ్చిన గ్రామ రెవెన్యూ అధికారికి ఏడాది లెక్క చెప్పవలెను. డీజిలు, మంచుగడ్డల ఖర్చు పోను చేతికందిన పాలు ఎంతయో నెలనెలా ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనుట మేలు. ఉన్నదానిని దాచుట తగదు. అట్లు పొందిన ఇల్లు మరియొక నిరుపేదకు చెందవలసినది. గ్రామసభలో జాబితా చదువునపుడు హాజరై, పేరు తొలగించినచో కారణమడుగుటకు సంకోచింపరాదు.

జీతపు చీటి లేనంత మాత్రమున సత్యము లేకపోదు. దానిని ఓపికతో వినగల అధికారియు, ఓపికతో వ్రాసికొనగల గృహస్థుడును ఉన్నపుడే ఇల్లు తగినవారికి దక్కును.