కొలోన్ అనవలెనా, క్యోల్న్ అనవలెనా?

రైన్ నదీతీరమున 157 మీటర్ల ఎత్తుగల జంట శిఖరముల మహాదేవాలయముతో విలసిల్లు జర్మన్ నగరమును ఆ నగరవాసులు క్యోల్న్ అందురు. ఇంగ్లీషువారు కొలోన్ అందురు. ఇంగ్లీషున లేఖయో వ్యాసమో వ్రాయబూనినవారికి ఈ రెండింటిలో నేది గ్రహింపవలెనన్న సందేహము కలుగుట సహజము. స్థానికుల నోట వినబడునదే యథార్థనామమనియు, తక్కినది పరాయివారి వికృతోచ్చారణ ఫలమనియు భావించి, ఇంగ్లీషు వాక్యమునందును జర్మన్ రూపమునే నిలుపువారు కొందఱు కలరు. వారి సద్భావమును శంకింపరాదు గాని, చరిత్రను తరచి చూచినచో ఆ భావము నిలువదు.

రోమక చక్రవర్తియైన క్లాడియస్ క్రీ.శ. 50లో, తన పత్నియగు అగ్రిప్పినా జన్మించిన ఈ స్థలమునకు రోమక పౌరుల వలసపట్టణమను గౌరవమొసగి, కొలోనియా అను పదముతో మొదలగు దీర్ఘనామము నిచ్చెను. ఆ కొలోనియాయే జర్మనుల నోట తరతరములుగా అరిగి క్యోల్న్ కాగా, ఫ్రెంచివారి నోట కొలోన్ అయ్యెను. ఇంగ్లీషువారు ఫ్రెంచి రూపమును స్వీకరించిరి. కావున ఇవి ఒకే తల్లి బిడ్డలు. ఒకటి ఔరసము, మరియొకటి అపభ్రష్టము అనుటకు వీలులేదు. ఆ నగరమే తన పేరును ఒక్క తీరున వ్రాసికొనలేదు. తొలి యక్షరము సీ కావలెనా కే కావలెనా యన్న వివాదము చిరకాలము సాగి, 1919లో, అనంతరకాలమున పశ్చిమజర్మనీకి ప్రథమ ఛాన్సలరైన కోన్రాడ్ అడెనౌవర్ అచట మేయరుగానున్నపుడు, కే యక్షరము స్థిరపడెను. ఇక కొలోన్ అను రూపమో, జ్వరపీడితుల నుదుట తడిగుడ్డకు అద్దెడి ఓడికొలోన్ ద్వారా మన యిండ్లలోనికే వచ్చియున్నది.

మ్యూనిక్ విషయము మఱింత విశేషమైనది. జర్మనులు నేడు మ్యూన్షెన్ అనెడి ఈ నగరము 1158 నాటి శాసనపత్రమున మునిషెన్, అనగా సన్యాసుల చెంతనున్న ఊరు, అను రూపమున కానవచ్చును. నడిమి అచ్చును జర్మన్ భాష కాలక్రమమున జారవిడిచినది. ఇంగ్లీషు రూపము నేటికిని దానిని నిలుపుకొన్నది. పరాయి పేరని మనము త్రోసిపుచ్చబోవు రూపము నందే ప్రాచీనత మిగిలియుండుట ఇట్టి అన్వేషణలో లభించు ఆనందములలో నొకటి.

కనుక ఇంగ్లీషు గద్యమున కొలోన్, మ్యూనిక్, న్యూరెంబర్గ్ అని వ్రాయుటయే సాధువు. 1938 నాటి మ్యూనిక్ ఒడంబడికను, 1945–46 నాటి న్యూరెంబర్గ్ విచారణను వేరొక పేరిట పేర్కొన్నచో పాఠకుడు తబ్బిబ్బగును. అయితే తపాలా చిరునామాయందును, రైలు టిక్కెట్టు నందును జర్మన్ రూపమే శరణ్యము. అచటి స్టేషను పలకపై కనబడునది అదియే. సంస్థల విషయమున వాటి యిచ్ఛయే ప్రమాణము. హానోవర్ నగరమును ఇంగ్లీషువారు ఒకే ‘న’కారముతో వ్రాయుదురు, 1714లో అచటినుండి వచ్చి తమ సింహాసనమెక్కిన మొదటి జార్జి వంశమును అట్లే పిలుతురు. కాని అచటి లైబ్నిట్జ్ విశ్వవిద్యాలయము తన ఇంగ్లీషు పేరునందును రెండు ‘న’కారములను నిలుపుకొన్నది. దరఖాస్తు పంపు మన విద్యార్థులు దానిని యథాతథముగా వ్రాయవలెను.

నిజముగా దోషమనదగినది వేరొకటి కలదు: జర్మన్ రూపమును గ్రహించి, అచ్చుపైనున్న రెండు చుక్కలను తొలగించుట. ఆ చుక్కలు అలంకారములు కావు. ప్రాచీన వ్రాతప్రతులలో అచ్చు నెత్తిపై చిన్నదిగా వ్రాయబడిన ‘ఇ’ అను ఇంగ్లీషక్షరమే కాలక్రమమున కుంచించుకొని రెండు చుక్కలైనది. కావుననే చుక్కలు వేయుటకు వీలులేనిచో, ఆ యక్షరమును మరల ప్రక్కన చేర్చి వ్రాయుట జర్మనులు తామే పాటించు పద్ధతి. ‘యు’పై చుక్కలున్నచో ‘యు, ఇ’ అనియు, ‘ఓ’పై నున్నచో ‘ఓ, ఇ’ అనియు వ్రాయవలెను. చుక్కలు లేనిచో పలుకు మారును, ఒక్కొక్కచో అర్థమును మారును. షోన్ అనగా ‘ఇదివఱకే’, చుక్కలు గల ష్యోన్ అనగా ‘సుందరము’. చుక్కలు రాల్చిన పేరు జర్మనును కాదు, ఇంగ్లీషును కాదు.

ఇంగ్లీషు పేరులన్నియు చిరంజీవులు కావు. రేగెన్స్‌బుర్గ్‌ను రాటిస్బన్ అనియు, ట్రియర్‌ను ట్రీవ్స్ అనియు వ్రాయు ఆచారము దాదాపుగా అంతరించినది. ఆఖెన్ నగరమును పూర్వము ఎక్స్ లా షపెల్ అనెడివారు. ఆ పేరు నేడు 1748 నాటి సంధివంటి చారిత్రక ప్రసంగములకే పరిమితము. ఫ్రాంక్‌ఫర్ట్ విషయమున రూపభేదము స్వల్పమే గాని, ఆ పేరిట నగరములు రెండు: మైన్ నదిపైనున్నది వాణిజ్యకేంద్రము, ఓడర్ నదిపైనున్నది పోలండు సరిహద్దు పట్టణము. చిరునామాయందు నది పేరునుగూడ చేర్చినగాని ఉత్తరము ఏ నగరమునకు పోవలెనో తేలదు.