ఎడమకు చోటేది?

పంతంగి టోల్‌గేటు దాటగానే రోడ్డు ఒక్కసారిగా ఇరుకవుతుంది. చౌటుప్పల్ మండలంలోని ఆ గేటు దగ్గర పక్కపక్కన అన్ని వరుసల్లో నిలబడ్డ బండ్లు, అడ్డుకర్ర లేవగానే రెండంటే రెండు వరుసల్లోకి సర్దుకోవాలి. కార్లు చిటికెలో ముందుకు దూకుతాయి. సిమెంటు బస్తాలతో నిండిన లారీ మాత్రం ఒక్కో గేరు మార్చుకుంటూ మెల్లగా ఊపందుకుంటుంది. అది ఊపందుకునే లోపే వెనక హారన్ల మోత మొదలవుతుంది. హైదరాబాద్–విజయవాడ హైవే మీద కారుకూ లారీకీ రోజూ జరిగే తగాదాలో మొదటి మాట అక్కడే పడుతుంది.

పుణె నుంచి మచిలీపట్నం దాకా సాగే 65వ నంబరు జాతీయ రహదారిలో ఇదొక ముక్క. పాతవాళ్ల నోట ఇది ఇంకా తొమ్మిదో నంబరు హైవేనే. హైదరాబాద్ నుంచి విజయవాడకు 270 కిలోమీటర్లు అటూ ఇటూగా, పోవడానికి రెండు వరుసలు, రావడానికి రెండు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు అని మూడు టోల్‌గేట్లు. శుక్రవారం సాయంత్రం ఊరికి బయల్దేరిన ఉద్యోగులు, హాస్టల్లో ఉన్న పిల్లల్ని చూడబోయే తల్లిదండ్రులు, పెళ్లిళ్లకు పోయేవాళ్లు, అమరావతిలో పనులున్నవాళ్లు అందరూ కార్లలో వచ్చి పడేది ఈ దారి మీదకే. ఇక లారీలంటారా, ఈ రోడ్డు వాటిదే అన్నా తప్పు లేదు. జగ్గయ్యపేట, మేళ్లచెరువు వైపు నుంచి సిమెంటు, గుంటూరు నుంచి మిర్చి, మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం, నల్గొండ పల్లెల నుంచి పత్తి, ఎండాకాలమైతే నూజివీడు మామిడి. విజయవాడ చేరితే జవహర్ ఆటోనగర్. లారీకి బాడీ కట్టాలన్నా, ఇంజిన్ విప్పాలన్నా తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చే చోటు అదే. లారీని నమ్ముకున్న కుటుంబాలు కృష్ణా తీరంలో ఊరూరా కనిపిస్తాయి.

కారువాళ్ల ఫిర్యాదు ఒక్క ముక్కలో చెప్పాలంటే, లారీ కుడి వరుస వదలదు. ఎంతసేపు లైట్లు కొట్టినా సైడ్ ఇవ్వదు. ఒక లారీ ఇంకో లారీని దాటబోయి, దాటలేక, రెండూ పక్కపక్కన జోడుగా నడుస్తుంటే వెనక పాతిక కార్లు బారు కడతాయి. ఆ నిరీక్షణ కడుపు మండించే మాట నిజమే. దాని వెనకున్న లెక్క కూడా చూడాలి. ముందున్న లారీ గంటకు 60 కిలోమీటర్ల మీద, వెనకది 63 మీద పోతున్నాయనుకుందాం. రెండింటి పొడవులూ, ముందూ వెనకా వదలాల్సిన జాగా కలిపితే వెనకది సుమారు 60 మీటర్లు అదనంగా పోవాలి. మూడు కిలోమీటర్ల వేగం తేడాతో ఆ అరవై మీటర్లకు 72 సెకన్లు పడుతుంది. ఈలోపు రెండూ కలిసి కిలోమీటరుంపావు రోడ్డు మూసేస్తాయి. లారీ డ్రైవర్ మొండికేసినా వేయకపోయినా ఆ 72 సెకన్లు మాత్రం తగ్గవు. యాక్సిలరేటర్ తొక్కి తొందరగా దాటేద్దామంటే లోడు బండిలో ఆ సత్తువ ఉండదు. ఇలాంటి నాలుగు వరుసల రోడ్ల మీద కారుకు గంటకు 100, సరుకు బండికి 80 గరిష్ఠ వేగమని కేంద్రం 2018లో ఖరారు చేసింది. కొత్త లారీలకు 80 దాటనివ్వని స్పీడ్ గవర్నర్ ఉంటుంది. రెండే వరుసలున్న చోట నూటికీ ఎనభైకీ, ఎక్కుడు వస్తే నలభైకీ ఒకేసారి చోటు చూపించాలి.

మరి దాటే పని లేనప్పుడైనా ఎడమకు పోవచ్చు కదా? కారులో కూర్చున్న ప్రతి ఒక్కరూ అడిగేది ఇదే. జవాబు కావాలంటే ఎడమ వరుసను ఒకసారి కళ్లారా చూడాలి.

చిట్యాల దాటి నార్కట్‌పల్లి, కట్టంగూర్, నకిరేకల్ మీదుగా సూర్యాపేట వైపు వస్తుంటే ఎడమ పక్క ఏ కిలోమీటరూ ఖాళీగా ఉండదు. యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు, దాని మీద ముగ్గురు. చేయెత్తిన చోటల్లా ఆగే ఆటో. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ, దాని నిండా గడ్డి. బస్టాపులో బస్సు రోడ్డు దిగకుండానే ఆగితే దాని వెనక లారీ ఆగాలి. గొర్రెల మంద దాటుతుంటే ఆగాలి. కోతలప్పుడు సర్వీసు రోడ్డు మీద, అది లేని చోట హైవే అంచు మీదే వడ్లు ఆరబోస్తారు. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. రైతుకు కల్లం లేదు, అతన్ని అనడానికి నాకు నోరు రాదు. కానీ చీకట్లో ఆ రాళ్ల మీదకు ముందుగా వచ్చేది ఎడమ వరుసలో ఉన్నవాడే. ముప్ఫై టన్నుల బండిని ఇన్నిసార్లు ఆపి, ఇన్నిసార్లు మళ్లీ మొదటి గేరు నుంచి లేపితే డీజిల్ ఎంత తాగుతుందో, క్లచ్ ఏమవుతుందో ఓనరుకు తెలుసు, ఓనరు చేత మాటపడే డ్రైవర్‌కు ఇంకా బాగా తెలుసు. అందుకే కుడి పట్టుకుని పోతుంటాడు.

ఊరికీ హైవేకీ మధ్య గీత లేకపోతే ఏమవుతుందో మునగాల మండలం ఆకుపాముల దగ్గర 2014 డిసెంబరులో రాష్ట్రమంతా చూసింది. నందమూరి జానకిరామ్ కారు ట్రాక్టర్‌ను ఢీకొని ఆయన ప్రాణం పోయింది. ఆయన పేరున్న కుటుంబంవాడు కాబట్టి గుర్తుంది. పేరు తెలియని వాళ్లు ఎందరో అదే రోడ్డు మీద, అలాంటి చోట్లనే పోయారు. చౌటుప్పల్, పెద్దకాపర్తి, చిట్యాల లాంటి ప్రమాద కూడళ్లను గుర్తించి వంతెనలూ అండర్‌పాసులూ కట్టే పని చాలా ఆలస్యంగా మొదలైంది. వాటి పనులు సాగినన్నాళ్లూ మట్టి డైవర్షన్లలో కారూ లారీ ఒకదానికొకటి ఇంకా దగ్గరయ్యాయి.

ఇవే లారీలు, ఇవే కార్లు పెద్దఅంబర్‌పేట దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే తీరు మారిపోతుంది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డుకు రెండు పక్కలా కంచె ఉంది. బైకులు లేవు, ఊళ్లు లేవు, ఎదురొచ్చేవాడు లేడు. కుడి రెండు వరుసల్లో 120 దాకా, ఎడమ రెండు వరుసల్లో 80 దాకా వేగం. కుడి పక్క అసలు లారీయే కనిపించదని చెప్పను గానీ, చాలామంది ఎడమనే పోతారు. హైవే మీద మొండివాడిలా కనిపించిన మనిషే ఇక్కడ పద్ధతిగా నడుపుతున్నాడంటే, లోపం ఎక్కడుందో తెలియడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

అలాగని లారీవాళ్ల తప్పులన్నీ రోడ్డు మీదకు నెట్టలేం. ఒక్క తప్పును మాత్రం ఏ వాదనతోనూ సమర్థించలేను. చీకట్లో లైట్లు లేకుండా రోడ్డు మీద ఆపిన లారీ అది. టైరు పేలిందో, డీజిల్ పైపు తెగిందో, కళ్లు మూతలు పడ్డాయో, బండి సగం రోడ్డు మీద సగం మట్టిలో ఆగిపోతుంది. బ్యాటరీ దిగిపోతుందని పార్కింగ్ లైట్లు వేయరు. డోరు మీద ఎర్ర రేడియం టేపు ఎప్పుడో దుమ్ము పట్టి ఉంటుంది. హెచ్చరికగా క్లీనర్ దిగి పక్కనున్న వేపకొమ్మో తుమ్మకొమ్మో విరిచి రోడ్డు మీద వేస్తాడు, నాలుగు రాళ్లు పెడతాడు. పగలు ఆ పచ్చికొమ్మ చూసి ముందేదో బండి ఆగిందని అర్థం చేసుకోవచ్చు. రాత్రి నూరు మీద వచ్చే కారులోంచి అది కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. ఆ వేగంలో కారు సెకనుకు 28 మీటర్లు పోతుంది, బ్రేకు మీద కాలు పడేలోపే కొమ్మ దాటేస్తుంది. తెల్లవారుజామున లారీ వెనక భాగంలోకి దూసుకుపోయిన కార్ల ఫొటోలు మన పేపర్లలో ఎన్ని చూశామో! రిపేరు అయ్యాక లారీ వెళ్లిపోతుంది, రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి. మర్నాడు ఏ బైకువాడో వాటి మీద పడతాడు. మడతపెట్టే ఎర్ర త్రికోణం ఒకటి బండిలో ఉంచుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

కళ్లు మూతలు పడ్డాయి అన్నాను. ఆ సంగతి క్యాబిన్‌లోకి ఎక్కి చూస్తే తెలుస్తుంది. మే నెల మధ్యాహ్నం కోదాడ దగ్గర పాత లారీ క్యాబిన్‌లో ఇంజిన్ వేడి కాళ్ల కింద నుంచి వస్తుంది, ఎండ వేడి అద్దంలోంచి వస్తుంది. స్టీరింగ్ మీద తడిపిన తువ్వాలు, సీటు వెనక అడ్డంగా ఒక బల్ల. పడకైనా సామాన్ల అటకైనా అదే. అద్దం పైన దేవుడి పటాలు, ఎండిన నిమ్మకాయలు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, మంచిదే. అయితే ఇప్పుడు తిరుగుతున్నవాటిలో ఎక్కువ అంతకు ముందువే. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. కానీ డ్రైవర్ చేతికొచ్చేది ట్రిప్పుల లెక్కన, బత్తాల లెక్కన. లోడింగ్ దగ్గర హమాలీల కోసం సగం రోజు, కాటా దగ్గర రెండు గంటలు, నగరంలోకి నో ఎంట్రీ తీరేదాకా ఇంకొంతసేపు పోయాక, పోయిన టైమంతా రోడ్డు మీదే రాబట్టుకోవాలి. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లుండాలన్న నిబంధనను 2018లో ఎత్తేశారు. అదే ఏడాది పది టైర్ల లారీ మొత్తం బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5కు పెంచారు. బరువు పెరిగింది, పక్క సీట్లో మనిషి తగ్గాడు.

ఆ బరువు సంగతి కారువాళ్లకు తెలియాలి. లారీ ముందు ఖాళీ కనిపిస్తే కట్ కొట్టి దూరిపోవడం మనకు అలవాటు. ఆ ఖాళీని లారీ డ్రైవర్ కావాలనే వదిలి ఉంచాడు, బ్రేకు పడాలంటే అతనికి అంత దూరం కావాలి. మనం దూరిన క్షణంలో అది సగమవుతుంది. ఎడమ నుంచి ఓవర్‌టేక్ చేయడం ఇంకా ప్రమాదం. లారీ డ్రైవర్ కూర్చునేది కుడి పక్క, అంత ఎత్తు మీద. ఎడమ డోరు కింద నుంచి పోయే చిన్న కారు అతని అద్దంలో పడదు. వెనకటికైతే క్లీనర్ ఆ పక్క కిటికీలోంచి తల బయటపెట్టి డోరు మీద కొడుతూ చెప్పేవాడు. క్లీనర్‌ను పెట్టుకునే లారీలు ఇప్పుడు తగ్గిపోతున్నాయి. ఇండికేటర్ల సంగతి మరో తలనొప్పి. వెనకున్నవాడికి ‘కుడి నుంచి వెళ్లిపో’ అని చెప్పడానికి కుడి ఇండికేటర్ వేసే పాత డ్రైవర్లు ఇంకా ఉన్నారు. కొత్తవాళ్లు అదే ఇండికేటర్ తాము కుడికి తిరుగుతున్నప్పుడు వేస్తారు. అది ఏ ఇండికేటరో వెనకున్న కారు ఊహించుకోవాలి, తప్పుగా ఊహిస్తే ఇక చెప్పేదేముంది.

 

లారీవాళ్ల మనసులో గట్టిగా నాటుకున్న బాధ ఇంకొకటుంది. గుద్దుకున్నప్పుడు తప్పు ఎవరిదని ఎవరూ అడగరు, పెద్ద బండిదే అంటారు. జనం పోగై చేయి చేసుకుంటారన్న భయంతో డ్రైవర్ దిగి పారిపోతాడు, పారిపోయాడు కాబట్టి తప్పు అతనిదే అని తేలిపోతుంది. నిర్లక్ష్యంగా నడిపి మనిషి ప్రాణం తీసి, చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అనే భారతీయ న్యాయ సంహిత 106(2) నిబంధన మీద 2024 జనవరిలో దేశమంతా డ్రైవర్లు బండ్లు ఆపేసింది అందుకే. హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు కట్టిన ఆ రెండు రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. జులైలో చట్టం అమల్లోకి వచ్చినా ఆ ఒక్క నిబంధనను పక్కన పెట్టారు. గుద్ది పోయినవాణ్ణి వదిలేయాలని నేను అనను, రోడ్డు మీద పడి ఉన్న మనిషికి ఆ పది నిమిషాలే ప్రాణం. కానీ ఆగినవాణ్ణి కొట్టకుండా పోలీసులకు అప్పగించే జనం ఉన్నప్పుడే అతను ఆగుతాడు.

సంక్రాంతికి ఈ రోడ్డు పూర్తిగా కార్లదైపోతుంది. పంతంగిలో ఎక్కువ గేట్లు విజయవాడ వైపే తెరుస్తారు, అయినా బారులు తగ్గవు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల జాతర వస్తే బండ్లను నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా మళ్లిస్తారు. ఇన్ని లారీలను ఏ పండక్కి ఎటు మళ్లించాలో మన అధికారులకు బాగా తెలుసు. మామూలు రోజు రాత్రి రెండు గంటలకు అవి ఎక్కడ ఆగి నిద్రపోవాలో మాత్రం ఎవరూ అంత శ్రద్ధగా ఆలోచించినట్టు లేదు. ట్రక్ బే అని బోర్డు ఉన్న జాగాలున్నాయి. అక్కడ నీళ్లు, వెలుతురు, మరుగుదొడ్డి, డీజిల్ దొంగల భయం లేకుండా కాపలా ఉంటేనే లారీ ఆగుతుంది. అవి లేకపోతే డ్రైవర్ వెలుతురూ నలుగురు మనుషులూ ఉన్న దాబా ముందే ఆపుతాడు, దాబా ముందు జాగా నిండితే రోడ్డు మీద ఆపుతాడు.

ఈ హైవేను ఆరు వరుసలు చేసే ప్రయత్నం సాగుతోంది. అటొకటి ఇటొకటి వరుస కలిపి, సర్వీసు రోడ్డు ఊరి చివర తెగిపోయేలా కడితే, ఎడమ పక్క బైకులూ ట్రాక్టర్లూ వడ్లూ ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి, లారీ నడి వరుసలోకి జరుగుతుంది, అంతే. సర్వీసు రోడ్డు ఊరి నుంచి ఊరికి తెగకుండా సాగాలి. ప్రతి పెద్ద ఊరి దగ్గరా లారీలకు నిజంగా పనికొచ్చే ఆగే చోటు కావాలి. భూసేకరణ అప్పుడే ఆ స్థలాలు కూడా తీసుకోవాలి, తర్వాత దొరకవు.

అవి వచ్చేలోపు చేయగలిగిన పని ఒకటుంది. జాతీయ రహదారుల సహాయ నంబరు 1033. దానికి ఫోన్ చేస్తే పెట్రోలింగ్ బండినీ, అవసరమైతే క్రేన్‌నూ పంపుతారు. రాత్రి పూట లైట్లు లేకుండా ఆగిన లారీ కనిపిస్తే హారన్ కొట్టి తిట్టుకుంటూ పోకుండా, ముందు దాబా దగ్గర కారు ఆపి, ఏ ఊరు దాటాక, ఏ వైపు, ఏ కిలోమీటరు రాయి దగ్గర చూశారో చెప్పాలి. విజయవాడకు పోయే వైపా, హైదరాబాద్‌కు వచ్చే వైపా అన్నది తప్పకుండా చెప్పాలి. లేకపోతే మధ్యలో డివైడరు, దాని మీద గుబురుగా పెరిగిన గన్నేరు చెట్లు, పెట్రోలింగ్ వాళ్లకు అవతలి పక్క లారీ కనిపించదు.